అలాస్కా రోడ్డు ప్రయాణం: పెద్దవాళ్లతో 8 రోజుల్లో ఏ ఊళ్లు ఉంచుకోవాలి, ఏవి వదలాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఆగస్టు మొదటి వారంలో డాలస్ నుంచి యాంకరేజ్‌కు విమానంలో వస్తున్నారు. మీరిద్దరు, 9, 13 ఏళ్ల పిల్లలు, విజయవాడ నుంచి వచ్చి మీ దగ్గరున్న అమ్మానాన్నలు, మొత్తం ఆరుగురు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, అమ్మగారు శాకాహారి. కారు అద్దెకు తీసుకుని 8 రోజుల్లో సూవర్డ్, హోమర్, వాల్డీజ్, డెనాలి, కుదిరితే స్కాగ్వే కూడా చూడాలని ఉంది. ఉత్తర ధ్రువపు కాంతి కనిపిస్తుందా అని కూడా అడిగారు. ఇది సాధ్యమేనా, కాకపోతే ఏది వదులుకోవాలి?

సూవర్డ్, వాల్డీజ్ ఉంచుకోండి. హోమర్, డెనాలి ఈసారికి వదిలేయండి. స్కాగ్వే ఆలోచన పూర్తిగా మానుకోండి. హిమానీనదాల పడవను మొదటి మూడు రోజుల్లోనే ఎక్కండి, దాని మరుసటి రోజును ఏమీ పెట్టుకోకుండా ఖాళీగా ఉంచండి. ఇంతవరకే చదివి ఆపేసినా మీ ప్రయాణం బాగుంటుంది. ఎందుకలా అంటున్నానో, దారిలో ఏం చూడాలో కింద రాస్తున్నాను.

నేను యాంకరేజ్‌లో 14 ఏళ్లుగా ఉంటున్నాను. ఏటా వేసవిలో మా బంధువులో, స్నేహితుల తల్లిదండ్రులో వస్తూనే ఉంటారు. డెబ్బై దాటినవాళ్లను కూడా ఈ దారుల్లో తిప్పాను. అందుకే మీ ప్రశ్న చదవగానే ముందు మీ నాన్నగారి మోకాళ్లే గుర్తొచ్చాయి. మ్యాపులో ఈ ఊళ్లన్నీ పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి. యాంకరేజ్ నుంచి హోమర్ సుమారు 220 మైళ్లు. వాల్డీజ్ 300 మైళ్లు, అదీ మరో దిక్కున. డెనాలి ఉద్యానవనం ద్వారం ఉత్తరంగా 240 మైళ్లు. ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్లాలంటే దాదాపు ప్రతిసారీ యాంకరేజ్ మీదుగానే తిరిగి రావాలి. మీరు అడిగిన ఊళ్లన్నీ తిరిగితే పెద్దవాళ్లు 8 రోజుల్లో 5 రోజులు కారు సీట్లోనే గడుపుతారు. రోజుకు నాలుగు గంటలకు మించి కూర్చోబెట్టకూడదని నేను పెట్టుకున్న నియమం. మధ్యలో ఆగే చోట్లతో కలిపితే ఆ నాలుగు గంటలే ఏడు గంటలవుతాయి.

ఇంకో మాట. ఎన్ని హిమానీనదాలు చూశాం అని లెక్కపెట్టుకుంటే ఐదోది చూసేసరికి పిల్లలు తలెత్తి కూడా చూడరు. మూడు చాలు: ఒకదాన్ని నడిచి వెళ్లి చూడండి, ఒకదాన్ని పడవ మీద నుంచి చూడండి, ఒకదాని మీద నిలబడండి. ఈ మూడూ మూడు వేర్వేరు అనుభవాలు. కింద చెప్పే దారిలో ఇవి మూడూ వస్తాయి.

నేనైతే ఇలా వెళ్తాను. మొదటి రోజు యాంకరేజ్‌లో దిగి, సరుకులు కొనుక్కుని, విశ్రాంతి. రెండో రోజు నెమ్మదిగా సూవర్డ్. అక్కడే ఒకే ఇంట్లో మూడు రాత్రులు. మూడో రోజు పడవ. నాలుగో రోజు ఖాళీ, అంటే పడవ కుదరకపోతే పడవకు, కుదిరితే ఎగ్జిట్ గ్లేసియర్ అనే హిమానీనదానికి. ఐదో రోజు విట్టియర్ అనే రేవు ఊరికి వెళ్లి, కారుతో సహా ఫెర్రీ ఎక్కి వాల్డీజ్. అక్కడ రెండు రాత్రులు. ఏడో రోజు వాల్డీజ్ నుంచి మటనుస్కా హిమానీనదం దాకా వచ్చి అక్కడ బస. ఎనిమిదో రోజు ఉదయం మంచు మీద నడక, సాయంత్రానికి యాంకరేజ్, రాత్రి విమానం. ఫెర్రీ రోజూ ఉండదు. కాబట్టి ముందు ఫెర్రీ తేదీ చూడండి, అది ఖాయమయ్యాకే గదులు, పడవ టికెట్లు తీసుకోండి. తేదీలు కుదరకపోతే ఇదే దారిని తిరగేసి, వాల్డీజ్‌తో మొదలుపెట్టి సూవర్డ్‌తో ముగించవచ్చు. అప్పుడు మాత్రం సముద్రపు పడవను వాల్డీజ్ నుంచే ఎక్కండి, ఆఖరి రోజులకు నెట్టకండి.

పడవ గురించి ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఒకసారి నేనే ఆ పొరపాటు చేశాను. కొన్నేళ్ల కిందట మా పెద్దమ్మ, పెదనాన్న గుంటూరు నుంచి వచ్చారు. ముందు కొండలు, ఆఖరున సముద్రం అనుకుని పడవ టికెట్లు చివరి రోజుకు తీసుకున్నాను. ఆ ఉదయం గాలి లేచింది. అఖాతం దాటి బయటి సముద్రంలోకి వెళ్లడం కుదరదని కెప్టెన్ చెప్పేశాడు. ఆయన నిర్ణయం సరైనదే, డబ్బు కూడా తిరిగి ఇచ్చారు. కానీ మర్నాడే వాళ్ల విమానం. మంచు సముద్రంలోకి విరిగిపడడం చూడాలని వచ్చిన పెద్దమ్మ రేవులో బల్ల మీద కూర్చుని పొగమంచు చూసి వెళ్లిపోయింది. ఆ తరువాత ఆవిడకు ఇంత దూరం వచ్చే ఓపిక లేకపోయింది. అప్పటి నుంచి ఎవరు వచ్చినా పడవ ముందు, తక్కినవి తరువాత.

యాంకరేజ్ నుంచి సూవర్డ్

దూరం 127 మైళ్లు. ఆగకుండా వెళితే రెండున్నర గంటలు, కానీ ఈ దారిలో ఆగకుండా వెళ్లకూడదు. ఊరు దాటగానే కుడివైపు టర్నగైన్ అనే సముద్రపు పాయ మొదలవుతుంది. 1778లో కెప్టెన్ కుక్ ఓడలు ఇటుగా దారి వెతుక్కుంటూ వచ్చి, ముందుకు దారి లేక మళ్లీ వెనుదిరిగాయి. పేరు అలా వచ్చింది. ఎడమవైపు కొండ, కుడివైపు నీళ్లు, మధ్యలో రైలు పట్టాలు, రోడ్డు. బెలూగా పాయింట్ దగ్గర ఆగి పది నిమిషాలు నీళ్ల వైపే చూడండి. అదృష్టముంటే తెల్లని బెలూగా తిమింగలాల వీపులు కనిపిస్తాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక, దీన్ని పిల్లలకు కారు దిగకముందే చెప్పండి. ఆటు సమయంలో నీళ్లు వెనక్కి తగ్గాక కనిపించే బూడిదరంగు నేల మీదికి దిగకూడదు. నేను కాకినాడ తీరంలో పెరిగినవాడిని. అక్కడ పోటుకూ ఆటుకూ తేడా మనిషి ఎత్తు ఉండదు, బురదలో మోకాలి దాకా దిగి పీతలు పట్టుకునేవాళ్లం. ఇక్కడ ఆ తేడా 30 అడుగులు. ఆ నేల హిమానీనదాలు రాళ్లను నూరి తెచ్చిన మెత్తని పొడి. గట్టిగా కనిపిస్తుంది, కాలు పెట్టాక కదిలేకొద్దీ బిగుసుకుంటుంది. అలా ఇరుక్కుని, పోటు తిరిగి వచ్చేసరికి బయటపడలేక ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. మా స్నేహితుడి ఏడేళ్ల కొడుకు ఒకసారి కారు తలుపు తీయగానే అటు పరుగెత్తాడు. పట్టాలు దాటకముందే పట్టుకున్నాం కానీ, ఆ క్షణం తలచుకుంటే ఇప్పటికీ నా అరచేతులు చల్లబడతాయి.

గిర్డ్‌వుడ్‌లో పెట్రోలు నింపుకోండి. అక్కడి నుంచి పోర్టేజ్ దాకా రోడ్డు పక్కన బెరడు ఊడి, వెండిరంగుకు తిరిగిన ఎండు చెట్లు నిలువునా నిలబడి ఉంటాయి. 1964 మార్చి 27న, గుడ్ ఫ్రైడే రోజు సాయంత్రం, 9.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. నాలుగున్నర నిమిషాలు నేల ఊగింది. ఈ ప్రాంతం దాదాపు మనిషి ఎత్తున కిందికి కుంగిపోయింది. ఉప్పునీళ్లు వేళ్లకెక్కి చెట్లు చచ్చాయి, ఆ ఉప్పే వాటిని కుళ్లకుండా ఇన్నేళ్లు నిలబెట్టింది. పోర్టేజ్ అనే ఊరు అప్పుడే లేకుండా పోయింది. మీరు చూడబోయే సూవర్డ్, వాల్డీజ్ రెండింటినీ ఆ భూకంపమే మార్చేసింది కాబట్టి ఈ చెట్ల దగ్గర ఆగి పిల్లలకు ఆ సంగతి చెబితే తరువాత చూసేవన్నీ వాళ్లకు అర్థమవుతాయి.

పోర్టేజ్ లోయలోకి ఐదు మైళ్లు పక్కకు వెళితే ఒక సందర్శకుల కేంద్రం ఉంది. 1986లో హిమానీనదం ఎదురుగా కనిపించేలా కట్టారు. ఇప్పుడు ఆ కిటికీల్లోంచి చెరువు, కొండ తప్ప హిమానీనదం కనిపించదు, మలుపు అవతలికి తగ్గిపోయింది. సమయముంటే చూడండి, లేదంటే ఐదో రోజు విట్టియర్‌కు ఎలాగూ ఇటే వస్తారు.

సూవర్డ్

స్పెల్లింగ్ చూసి సీవార్డ్ అంటారు, ఇక్కడివాళ్లు పలికేది సూవర్డ్. 1867లో రష్యా నుంచి 72 లక్షల డాలర్లకు అలాస్కాను కొన్న విదేశాంగ మంత్రి పేరు అది. మూడు వేలు కూడా లేని జనాభా, ఒక రేవు, మూడు వైపులా నిటారు కొండలు. ఆగస్టులో గదులు దొరకవు, నాలుగైదు నెలల ముందే తీసుకోండి. హోటల్ కన్నా వంటగది ఉన్న చిన్న ఇల్లు మీకు నయం.

పడవలు రెండు రకాలు. నాలుగు గంటలది అఖాతంలోనే తిరిగి వచ్చేస్తుంది. అందులో సముద్రంలోకి దిగిన హిమానీనదాలు ఉండవు. ఆరు గంటలదీ, అంతకు మించినదీ కెనాయ్ ఫియోర్డ్స్ జాతీయ ఉద్యానవనంలోకి వెళ్లి ఐయాలిక్ లేదా హోల్గేట్ హిమానీనదం ముందు ఆపుతాయి. తీసుకుంటే ఇదే తీసుకోండి. మనిషికి 200 డాలర్ల పైనే అవుతుంది, ఆరుగురికి పెద్ద మొత్తమే. అయినా మొత్తం ప్రయాణంలో ఒక్కదానికే ఖర్చు పెట్టగలమంటే నేను దీనికే పెట్టమంటాను.

అక్కడ జరిగేది ఇది. పడవ హిమానీనదానికి కొంత దూరంలో ఇంజన్లు ఆపేస్తుంది. అంతా నిశ్శబ్దం. అప్పుడు చుట్టూ తేలుతున్న మంచుముక్కల నుంచి పోపులో ఆవాలు చిటపటలాడినట్టు సన్నని శబ్దం వినిపిస్తుంది. వందల ఏళ్లుగా మంచులో బిగుసుకున్న గాలిబుడగలు కరిగి పగులుతున్న చప్పుడు అది. ఎదురుగా నీలిరంగు గోడ. ఆ మంచు తన బరువుకు తనే నొక్కుకుని ఎంత గట్టిపడుతుందంటే, ఎర్ర కాంతిని లోపలికి పీల్చేసుకుని నీలాన్నే బయటికి వదులుతుంది. ఒక ముక్క విరిగి పడుతుంది, అది నీళ్లలో మునిగాక ఉరుము వినిపిస్తుంది. కాంతి ముందు, శబ్దం తరువాత అని బళ్లో చదివింది మీ చిన్నవాడికి అక్కడ కళ్లముందు కనిపిస్తుంది. ఫోన్లో తీయాలనుకుంటే విరిగే చోటు ఎప్పుడూ పక్కనే ఉంటుంది. ఒకరు తీయండి, మిగతావాళ్లు చూడండి. దారిలో సీ లయన్లు, వెల్లకిలా తేలే సముద్రపు నీటికుక్కలు, పఫిన్ పక్షులు కనిపిస్తాయి. ఆగస్టు గడిచేకొద్దీ పఫిన్లు వెళ్లిపోతాయి, మీ తేదీలకు ఇంకా ఉంటాయి.

కడుపులో తిప్పడం గురించి నిజం చెప్పాలి. అఖాతం దాటాక కొంతసేపు అలలు నేరుగా పసిఫిక్ నుంచి వస్తాయి. కారులో ఘాట్ రోడ్డు పడనివాళ్లకు ఇది కష్టంగా ఉంటుంది. మాత్ర పడవ ఎక్కడానికి గంట ముందే వేసుకోవాలి, మొదలయ్యాక వేసుకుంటే పని చేయదు. అమ్మానాన్నలు బీపీకో, షుగరుకో మందులు వాడుతుంటే డాక్టరును ముందే అడగండి. ఖాళీ కడుపుతో ఎక్కవద్దు, పూరీలు తిని కూడా ఎక్కవద్దు. రెండు ఇడ్లీలో, కాస్త పెరుగన్నమో చాలు. లోపల పుస్తకమో ఫోనో చూస్తూ కూర్చోకుండా వెనక వైపు మధ్యలో నిలబడి దూరంగా ఒడ్డును చూడాలి. అమ్మగారికి ఇది అసలు పడదనుకుంటే సూవర్డ్ పడవ మానేసి విట్టియర్ నుంచి వెళ్లే పడవ ఎక్కండి. అది ప్రిన్స్ విలియం సౌండ్‌లో, దీవులు అడ్డుగా ఉన్న నీళ్లలో తిరుగుతుంది. చెరువులో ఉన్నట్టే ఉంటుంది. అక్కడి కాలేజ్ ఫియోర్డ్‌లో హిమానీనదాలకు హార్వర్డ్, యేల్ అని పేర్లు. 1899లో హారిమన్ యాత్రలో వచ్చిన శాస్త్రవేత్తలు తమ తూర్పు తీరపు కళాశాలల పేర్లు పెట్టారు. పెద్దవాళ్లను తీసుకెళ్లేటప్పుడు నేను సగంసార్లు దీన్నే ఎంచుకుంటాను.

ఎగ్జిట్ గ్లేసియర్ ఊరికి పన్నెండు మైళ్ల లోపే. కారులో దాదాపు దాని దగ్గరికి వెళ్లిపోవచ్చు. వెనక ఉన్న హార్డింగ్ మంచు మైదానం నుంచి దాదాపు 40 హిమానీనదాలు కిందికి దిగుతాయి, అందులో ఇదొకటి. ప్రత్యేకత ఏమిటంటే, దారి పొడవునా సంవత్సరాలు రాసిన ఫలకాలు ఉంటాయి. ఆ ఏడాది మంచు అంచు అక్కడ ఉండేదని అర్థం. కొన్ని ఫలకాలు కారు ఆపే చోటుకు ఇంకా చాలా ముందు, రోడ్డు పక్కనే అడవిలో మొదలవుతాయి.

మా నాన్నగారు 1951లో పుట్టారు. ఆరేళ్ల కిందట ఆయన్ను తీసుకెళ్లినప్పుడు 1951 ఫలకం దగ్గర ఆగి, చేతికర్ర దానికి ఆనించి చుట్టూ చూశారు. చుట్టూ ఆయన కన్నా ఎత్తైన చెట్లు. మంచు జాడ లేదు. "నేను పుట్టేనాటికి ఇక్కడ ఉందా ఇది?" అని అడిగారు. అక్కడి నుంచి మా అమ్మాయి పుట్టిన 2010 ఫలకం దాకా ఇద్దరూ చేతులు పట్టుకుని నడిచారు. మధ్యలో రెండుసార్లు కూర్చున్నారు. 2010 ఫలకం దగ్గరికి వచ్చాక కూడా మంచు ఇంకా దూరంగానే ఉంది. ఆ నడకలో ఆయన పెద్దగా మాట్లాడలేదు. రాత్రి ఇంటికి వచ్చాక మా అమ్మకు ఫోన్ చేసి అరగంట అదే చెప్పారు.

మీ నాన్నగారు మొదటి మైలు దారి వరకు వెళితే చాలు, అది చదునుగా ఉంటుంది, చక్రాల కుర్చీ కూడా పోతుంది. పైనున్న వ్యూపాయింట్ దాకా ఎత్తు, రాళ్లు ఉన్నాయి. హార్డింగ్ మంచు మైదానం దాకా వెళ్లే కాలిబాట రానూపోనూ 8 మైళ్ల పైన, మైలుకు వెయ్యి అడుగుల ఎక్కుడు. ఇది మీ ఇంట్లో ఎవరికీ కాదు, మీకు తప్ప. మీకూ ఈసారి వద్దనే నా సలహా. వాన పడితే సముద్ర జీవులను చూపించే అలాస్కా సీలైఫ్ సెంటర్‌లో సగం పూట గడపండి.

సొరంగం, ఫెర్రీ

విట్టియర్‌కు రోడ్డు దారి ఒక్కటే, రెండున్నర మైళ్ల సొరంగం. ఒకే వరుస, అందులోనే రైలూ కార్లూ. కార్లను 2000లో అనుమతించారు. వేసవిలో మామూలుగా పోర్టేజ్ వైపు నుంచి ప్రతి గంటా ముప్పై నిమిషాలకు, విట్టియర్ వైపు నుంచి గంట మొదట్లో వదులుతారు. ఒక్క నిమిషం ఆలస్యమైనా గంట ఆగాలి. రైలు వస్తే ఇంకా ఎక్కువ. ఫెర్రీ వాళ్లు ముందుగా రమ్మని చెప్పే సమయానికి ఒక సొరంగం విడత ముందే చేరేలా బయలుదేరండి. టోల్ వెళ్లేటప్పుడే, తిరిగి వచ్చేటప్పుడు లేదు. ఊళ్లో ఎక్కువమంది 14 అంతస్తుల ఒకే భవనంలో ఉంటారు, మా వాళ్లందరికీ అది హిమానీనదాల కన్నా ఎక్కువ గుర్తుండిపోయింది.

ఫెర్రీలో కారు కింది అంతస్తులో ఉంటుంది. బయలుదేరాక కారు దగ్గరికి వెళ్లనివ్వరు. మందులు, స్వెటర్లు, పులిహోర డబ్బా పైకి తెచ్చుకోండి. వాల్డీజ్‌కు ఆరు గంటలు. పెద్ద కిటికీల పక్కన కూర్చుని, కావాలంటే పడుకుని వెళ్లవచ్చు. 300 మైళ్ల డ్రైవింగ్ తప్పుతుంది. మీ నాన్నగారికి మొత్తం ప్రయాణంలో ఇదే సుఖమైన రోజు అవుతుందని నా నమ్మకం. టికెట్ కారు పొడవును బట్టి ఉంటుంది కాబట్టి అద్దెకు ఏ కారు ఇస్తారో ముందే కనుక్కోండి.

వాల్డీజ్

ఇప్పుడున్న ఊరు అసలు ఊరు కాదు. 1964 భూకంపంలో రేవు కింది నేల సముద్రంలోకి జారిపోయింది, పాత ఊరిని వదిలి నాలుగు మైళ్ల అవతల కొత్తగా కట్టుకున్నారు. అఖాతం అవతలి ఒడ్డున కనిపించే తెల్లని ట్యాంకులు 800 మైళ్ల చమురు గొట్టపు మార్గం ముగిసే చోటు. 1989 మార్చి 23 రాత్రి ఎక్సాన్ వాల్డీజ్ అనే చమురు ఓడ ఇక్కడి నుంచి బయలుదేరి, కొలంబియా హిమానీనదం నుంచి తేలివచ్చిన మంచును తప్పించుకోవడానికి దారి మార్చి, అర్ధరాత్రి దాటాక బ్లై రీఫ్ అనే నీటిలోని రాతి దిబ్బను ఢీకొంది. 1.1 కోట్ల గ్యాలన్ల చమురు నీళ్లపాలైంది. ఇక్కడివాళ్ల దగ్గర ఆ మాట ఎత్తితే ఇప్పటికీ గొంతు మారుతుంది.

కొలంబియా హిమానీనదం 1980ల నుంచి 12 మైళ్లకు పైగా వెనక్కి తగ్గింది. దాని ముందున్న పాయ నిండా ఇళ్లంత మంచుగడ్డలు తేలుతుంటాయి. సూవర్డ్‌లో పడవ ఎక్కి ఉంటే ఇక్కడ మళ్లీ ఎక్కనవసరం లేదు. దానికి బదులు అఖాతం చుట్టూ తిరిగి సాలమన్ గల్చ్ చేపల హేచరీకి వెళ్లండి. ఉచితం, కారు పక్కనే. జూలై, ఆగస్టుల్లో గులాబీ సాల్మన్లు పుట్టిన చోటికి తిరిగి వస్తాయి. నీళ్లు కనిపించవు, చేపల వీపులే కనిపిస్తాయి. వాటి కోసం సీ లయన్లు వస్తాయి, ఒక్కోసారి నల్ల ఎలుగులు కూడా. నాన్నగారిని కారులోనే కూర్చోబెట్టి కిటికీలోంచి చూపించవచ్చు. ఎలుగు కనిపిస్తే పిల్లలను దింపకండి, కారు పూర్తిగా రోడ్డు దించి ఆపండి.

వాల్డీజ్ నుంచి తిరిగి వచ్చే రోడ్డు నాకు ఈ రాష్ట్రంలో అన్నిటికన్నా ఇష్టం. కీస్టోన్ లోయలో రోడ్డు మీదికే దూకుతున్నట్టుండే జలపాతాలు. తరువాత థాంప్సన్ కనుమ. 1952-53 చలికాలంలో ఇక్కడ 974 అంగుళాల మంచు కురిసింది, అంటే 81 అడుగులు. రోడ్డు పక్కన అక్కడక్కడా కనిపించే ఎత్తైన గుంజలు మంచు తీసేవాళ్లకు రోడ్డు అంచు తెలియడానికి. కనుమ దాటగానే వర్థింగ్టన్ హిమానీనదం, కారు దిగి చిన్న సిమెంటు దారిలో నడిస్తే ఎదురుగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇంతకన్నా దగ్గరగా, తేలికగా ఎక్కడా కనిపించదు. గ్లెనాలెన్‌లో పెట్రోలు తప్పకుండా నింపుకోండి. ఈ దారిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, మ్యాపులు ముందే దింపుకోండి.

మటనుస్కా యాంకరేజ్‌కు 100 మైళ్లు. 27 మైళ్ల పొడవు. మంచు మీద నిజంగా నడవగలిగేది ఇక్కడే, గైడుతో మాత్రమే. బూట్లకు ఇనుప పళ్లు కట్టి, తలకు హెల్మెట్ పెట్టి తీసుకెళ్తారు. దాదాపు మూడు గంటలు. దారి ప్రైవేటు స్థలంలోంచి వెళ్తుంది కాబట్టి ముందే మాట్లాడుకోండి. మీరు పిల్లలతో వెళ్లండి, మీవారో మీ భార్యో అమ్మానాన్నలతో ఉండి, 101వ మైలు దగ్గరున్న ప్రభుత్వ వ్యూపాయింట్ నుంచి చూపించండి. పైనుంచి చూస్తే ఆ లోయ మొత్తం ఒకేసారి కనిపిస్తుంది, వాళ్లకు లోటేమీ ఉండదు. హిమానీనదం నుంచి వచ్చే నది బియ్యం కడిగిన నీళ్ల రంగులో ఉంటుంది. పిల్లలను అందులో చేతులు ముంచనివ్వండి, ఒడ్డునే, మీరు పట్టుకుని.

వదిలేయమన్నవాటి గురించి

హోమర్ అందమైన ఊరే. సముద్రంలోకి నాలుగున్నర మైళ్లు చొచ్చుకుపోయిన ఇసుక దిబ్బ, హాలిబట్ చేపలు పట్టే పడవలు, దారిలో నినిల్‌చిక్‌లో కొండ మీద రష్యన్ చర్చి, అవతలి ఒడ్డున అగ్నిపర్వతాలు. చేపలు పట్టే సరదా ఉన్నవాళ్లు సూవర్డ్ బదులు హోమర్‌కే వెళ్లాలి. మీది ఆ సరదా కాదు. డెనాలి శిఖరం మూడు రోజుల్లో రెండు రోజులు మబ్బుల్లోనే ఉంటుంది, పైగా 2021 ఆగస్టులో కొండచరియ జారి లోపలి రోడ్డు 43వ మైలు దగ్గర మూతపడింది. దానికి మరోసారి విడిగా రండి.

స్కాగ్వే, హేన్స్ ఊళ్లకు యాంకరేజ్ నుంచి రోడ్డు కెనడా గుండా వెళ్తుంది. అమ్మానాన్నలకు అమెరికా సందర్శక వీసా మాత్రమే ఉంటే సరిహద్దు దగ్గర ఆగిపోతారు. కెనడా వీసా విడిగా కావాలి. నేను చెప్పిన దారిలో ఎక్కడా దేశం దాటరు, అయినా వాళ్ల పాస్‌పోర్టులు వెంట ఉంచుకోండి.

ఇక చిన్నవి కానీ ముఖ్యమైనవి. సూవర్డ్ హైవే మీద పగలు కూడా హెడ్‌లైట్లు వేయాలి. మీ వెనక ఐదు కార్లు చేరితే పక్కకు తీసి దారి ఇవ్వడం ఇక్కడ చట్టం. దుప్పి జాతిలోని మూస్ జంతువు రోడ్డు దాటితే హారన్ కొట్టకండి, దాని వెనక పిల్ల ఉండవచ్చు. మట్టి రోడ్ల మీద అద్దె కార్లకు సాధారణంగా అనుమతి ఉండదు, ఒప్పందం చదవండి. ఎలుగులను తరిమే స్ప్రే విమానంలో ఏ సంచిలోనూ తీసుకురానివ్వరు, ఇక్కడ కొనుక్కోండి.

వంటకు చిన్న రైస్ కుక్కర్ తెచ్చుకోండి. పచ్చళ్లు చేతిసంచిలో పెడితే ఆపుతారు, చెక్-ఇన్ సామానులో గట్టిగా కట్టి పెట్టండి. బియ్యం, పెరుగు, కూరగాయలు యాంకరేజ్‌లో కొనండి. సూవర్డ్, వాల్డీజ్ కొట్లలో ధర ఎక్కువ, దొరికేవి తక్కువ. పడవలో శాకాహార భోజనం కావాలని టికెట్ తీసుకునేటప్పుడే చెప్పండి. మిగిలిన అన్నం బయట పారేయకండి, ఎలుగులు తెరవలేని చెత్తడబ్బాలు ఉంటాయి, వాటిలోనే వేయండి.

అమ్మగారు చీరే కడతానంటే అభ్యంతరం లేదు, లోపల థర్మల్ ప్యాంటు, మేజోళ్లు, పట్టు ఉన్న బూట్లు, పైన వాన తగలని కోటు ఉంటే చాలు. పడవ డెక్ మీద కొంగు గట్టిగా దోపుకోమని చెప్పండి, మెట్ల దగ్గర కాలికి అడ్డం పడుతుంది. గొడుగు గాలికి నిలవదు. మంచు ముందు ఆగస్టులో కూడా చలి ఎముకలు కొరుకుతుంది, టోపీ మరవద్దు. రాత్రి పదిన్నర దాకా వెలుగు ఉంటుంది, కిటికీ తెరలు మూసి పెద్దవాళ్లను పదింటికల్లా పడుకోబెట్టండి. ఉత్తర ధ్రువపు కాంతి అడిగారు కదా, మొదటి వారంలో ఆకాశం అంత చీకటి పడదు. ఆశ పెట్టుకోకండి.

ఫెర్రీ తేదీలు చూసి, మీ విమానం ఏ రోజు దిగుతుందో ఇక్కడే రాయండి. దాన్ని బట్టి సూవర్డ్ ముందా వాల్డీజ్ ముందా చెబుతాను. గదులు మాత్రం అప్పటిదాకా తీసుకోకండి.